అడిగిన పాటా? అడగని పాటా? – సీతంపేట నుంచి కొన్ని సందేహాలు

పెద్ద వయసొచ్చిన గాయకుడు వేదికెక్కితే ఏం పాడాలి? జనం నోళ్ళలో ఏళ్ళ తరబడి నలిగిన పాటనే మళ్ళీ పాడాలా, ఎవరూ అడగక ఆయన నోటుబుక్కులోనే ఉండిపోయిన పాట పాడాలా? ఇది సినిమా కచేరీలకి టిక్కెట్లు కొనేవాళ్ళ తగువు, ఉద్యమాల పాటకీ కింది కులాల కళలకీ దీంతో పనేముంది అని మేం కూడా కొంతకాలం అనుకున్నాం. సీతంపేటలో ఒక సభ చూశాక అలా అనుకోవడం మానేశాం.

సభంటే పెద్దదేం కాదు. ఒక షామియానా, రెండు స్పీకర్ బాక్సులు, ముందు వరసలో కుర్చీలు, వెనక నేల మీద జనం. సంత ముగించుకుని బస్సు కోసం చూస్తున్నవాళ్ళు కూడా తట్టలు దించుకుని నిలబడ్డారు. కింద మైదానపు ఊరి నుంచి పిలిపించిన ఒక జముకుల కథ పెద్దాయనకి ఐదు నిమిషాలిచ్చారు. తెల్లవార్లూ చెప్పే కథ దగ్గరున్న మనిషికి ఐదు నిమిషాలు! ఆయన జముకు చంకలో ఇరికించుకుని తీగ సవరించుకునే లోపే వెనక నుంచి ఒక కుర్రాడి కేక: "ఏం పిల్లడో పాడు తాతా!" అది ఆయన పాట కాదు. ఆయన కథలో భాగమూ కాదు. ఆయన ఒకసారి నవ్వి, అదే పాడాడు. పల్లవి రెండుసార్లు, చరణం ఒకటి. ఈలలు పడ్డాయి. శాలువా కప్పారు. దిగిపోయాడు.

తిరిగొచ్చేటప్పుడు జీపులో మాలో మాకే వాదన. ఒకరన్నారు: జనం అడిగిందే జనం కళ, వాళ్ళడిగింది కాదని నేను చెప్పిందే వినమనడం పండితుల పొగరు, ఆ పొగరుని ఎదిరించే కదా మన పాటలన్నీ పుట్టాయి. ఇంకొకరన్నారు: ఒక్క పాట మిగతా పాటలన్నిటినీ మింగేస్తుంటే చూస్తూ ఊరుకోవడం ప్రజాస్వామ్యమా, అది బజారు చేసే పని కదా. రెండు వాదనల్లోనూ పస ఉంది. కాని రెండూ ఒక సంగతి వదిలేశాయి. ఆ పాట ఎక్కడ పాడుతున్నారు? ఎవరి ముందు?

'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' వంగపండు ప్రసాదరావు పాట. ఆయనది పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లి. 1943లో పుట్టి, విశాఖ షిప్‌యార్డులో ఉద్యోగం చేసి, అది వదులుకుని, గద్దర్, బి. నర్సింగరావులతో కలిసి 1972లో జననాట్యమండలి పెట్టినవాళ్ళలో ఒకడై, 2020 ఆగస్టు 4న సొంతూళ్ళోనే కన్నుమూశాడు. వందల పాటలు కట్టాడు. కార్మికుడి చెయ్యి పడందే యంత్రం నడవదని చెప్పిన పాట ఉంది. 'భూమి భాగోతం' అనే నృత్యనాటిక ఉంది. అయినా మేం చూసిన ఏ సభలోనూ 'ఏం పిల్లడో' పాడకుండా ఆయన్ని దిగనివ్వలేదు. ఆయన కూడా గజ్జెలు కట్టుకుని, గోచీ బిగించి, డెబ్బయ్యేళ్ళ వయసులో కూడా ఎగిరి పాడేవాడు. విసుగుపడ్డట్టు మాకెప్పుడూ కనిపించలేదు.

ఆ పాట మౌలికంగా ఒక పిలుపు. ఎక్కడో దూరంగా ఉన్నవాణ్ణి పట్టుకుని, శ్రీకాకుళం కొండల్లో ఏదో జరుగుతోంది, పోయి చూసొద్దాం రా అని చెయ్యి పట్టి లాగుతుంది. నోరులేని జీవాలు తిరగబడే బొమ్మలతో కట్టిన చరణాలు అవి. హైదరాబాదులో, విజయవాడలో, గుంటూరులో ఆ పాట పాడితే అర్థం తిన్నగా ఉంటుంది. వినేవాడు ఇక్కడున్నాడు, కొండ అక్కడుంది, మధ్యలో దారి ఉంది, రా అంటున్నారు. మరి అదే పాట సీతంపేటలో పాడితే? వినేవాళ్ళు కొండ మీంచి దిగొచ్చిన సవరలు, జాతాపులు. రాత్రికి మళ్ళీ కొండెక్కి పోయేవాళ్ళు. వాళ్ళని ఎక్కడికి రమ్మంటున్నాం? పాట రమ్మంటున్న చోటే వాళ్ళిల్లు. (లెక్కకైతే పాటలో పేరున్న జిల్లాలో సీతంపేట ఇప్పుడు లేదు కూడా. 2022 ఏప్రిల్ 4 నుంచి అది పార్వతీపురం మన్యం జిల్లాలోకి పోయింది. పాట మారదు, గెజిట్ మారుతుంది.)

కాబట్టి పేరున్న పాట ఎప్పుడూ ఒకే పాట కాదంటాం మేం. నగరంలో అది ఒక సమాచారం, ఒక సవాలు. కొండ కింద అదే పాట కొండ వాళ్ళకి వాళ్ళ ఫోటో తీసి చూపించడంలాంటిది. ఫోటో చూసుకుని మురిసిపోవడం తప్పు కాదు. ఆ కుర్రాడు కేకేసి అడగడంలో కూడా మాకు కనిపించింది అదే: మా ఊరి పాటని దేశమంతా పాడుకుంటోంది అన్న గర్వం. ఆ గర్వాన్ని మేం చిన్నచూపు చూడం. కాని 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు భూస్వాముల తుపాకులకి బలైన దగ్గర్నుంచి, 1970 జూలైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోయే దాకా ఈ కొండల్లో నడిచిన కథ వాళ్ళ తాతలది. ఆ తాతలు ఏ పాట పాడుకున్నారో, ఏ భాషలో పాడుకున్నారో ఆ వేదిక మీద ఎవరూ అడగలేదు. భూమి పోయిన పాట, సావుకారి అప్పు పాట, 1/70 చట్టం కాగితం మీద వచ్చాక కూడా పట్టా చేతికి రాని పాట ఉంటే అది ఆ ఐదు నిమిషాల్లో పట్టలేదు.

పేరున్న పాట ఎలా పేరు తెచ్చుకుంటుందో కూడా చూడాలి. 'జనం కోరుకున్నారు' అనేస్తే సరిపోదు. జనం కోరుకునేది జనం చెవిన పడ్డదాన్నే. 'ఏం పిల్లడో' పల్లె పల్లెకీ దళాల నోటా సభల నోటా వెళ్ళింది, నిజమే. 1986లో ఆర్. నారాయణమూర్తి 'అర్ధరాత్రి స్వతంత్రం'తో సినిమా హాళ్ళకి కూడా వెళ్ళింది. ఆ తర్వాత 2009లో 'మగధీర' సినిమా పాటలో తన పల్లవి వాడుకున్నారని వంగపండు అభ్యంతరం చెప్పాల్సొచ్చింది. కొండకి రమ్మన్న పిలుపు డ్యాన్సు పాటలో జోరు మాటైంది. ఆ సభలో కేకేసిన కుర్రాడు పాటని ఏ దారిలో విన్నాడో మేం అడగలేదు, అడగాల్సింది.

గద్దర్ విషయంలో ఈ ముడి ఇంకా గట్టిగా ఉంది. తూప్రాన్ దళిత ఇంట్లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావుని రాష్ట్రమంతా మొదట గుర్తుపట్టింది 'మాభూమి' సినిమాలో గొంగడి కప్పుకుని పాడిన 'బండెనక బండి కట్టి' పాటతో. ఆ పాట ఆయన రాసింది కాదు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టింది. గద్దర్ గొంతులో పడి అది గద్దర్ పాటైపోయింది. 1985లో కారంచేడు జరిగాక ఆయన దళితుల పోరు మీద 'దళిత పులులమ్మ' పాట కట్టాడు. దళిత సభల్లో అది మోగింది. కాని అన్ని కులాలవాళ్ళూ కూర్చున్న పెద్ద సభల్లో చీటీలు ఏ పాటకి వచ్చేవి? దొర మీద పాటకి చప్పట్లు కొట్టడం సుళువు. దొర ఏనాడో పోయాడు, పైగా దొర ఎవరికీ చుట్టం కాదు. కారంచేడు పాటకి చప్పట్లు కొట్టాలంటే పక్క కుర్చీలో కూర్చున్నవాడి ముఖం చూడాల్సొస్తుంది. అడగని పాట ఎందుకు అడగనిదైందో చెప్పడానికి రుచి, వినికిడి, కాలం మారడం లాంటి కారణాలు వెతుకుతారు. మాకు తోచిన కారణం చాలాసార్లు కులమే.

ఇదే గద్దర్ 1995లో 'ఒరేయ్ రిక్షా' పాటకి వచ్చిన నంది అవార్డు వద్దన్నాడు. 2023 ఆగస్టు 6న ఆయన పోయాక, తెలంగాణలో సినిమా అవార్డులకి ఆయన పేరే పెట్టి 2025లో మొదటిసారి పంచారు. మరణించిన గాయకుడికి ఏ పాట పాడాలో ఎంచుకునే వీలుండదు, ఏ పేరు ఎక్కడ తగిలించాలో ఎంచుకునే వీలు కూడా ఉండదు.

ఈ ఇబ్బంది మన దగ్గరే ఉందనుకోవద్దు. దక్షిణాఫ్రికా గాయని మిరియం మకేబా 1963లో ఐక్యరాజ్యసమితి ముందుకు పోయి వర్ణవివక్ష గురించి చెప్పింది. ఆమె రికార్డుల్ని సొంత దేశంలో నిషేధించారు. ముప్పయ్యేళ్ళు ఇంటికి పోలేకపోయింది. ప్రపంచం మాత్రం ఆమెని 1967లో అమెరికాలో వచ్చిన 'పటా పటా' పాటతో గుర్తుపెట్టుకుంది. అది ఒక డ్యాన్సు గురించిన పాట. తన పాటల్లో అంత బరువు లేనిదే ఇంత పేరు తెచ్చుకుందని ఆమెకే చిత్రంగా ఉండేది. 2008 నవంబరులో ఇటలీలో, ఆఫ్రికా వలస కూలీల హత్యలు జరిగిన ఊళ్ళో సభకి వచ్చి, చివరగా ఆ పాటే పాడి కుప్పకూలి చనిపోయింది. ఆమె ఆ ఊరికి ఎందుకొచ్చిందన్నది పాటలో లేదు. ఆమె రావడంలో ఉంది.

పాల్ రోబ్సన్ ఇంకో దారి తొక్కాడు. 'ఓల్ మేన్ రివర్' అనే నాటకం పాట ఆయన మెడకి పడింది. నల్లవాళ్ళు బరువులు మోస్తూ నిట్టూర్చే పాట అది. ఎక్కడికి పోయినా అదే అడిగేవారు. ఆయన పాడనని అనలేదు. 1930ల చివర్నుంచి మాటలు మార్చి పాడాడు. నిట్టూర్పున్న చోట పోరాటం పెట్టాడు. జనం అడిగిన పాటే విన్నారు, అడగనిది కూడా అందులోనే విన్నారు. అందరికీ ఇది చేతకాదు. ఆయనకి చేతనైంది, ఆ పాట ఆయన గొంతుని వదిలి ఇంకెవరి గొంతులోనూ నిలవదు కాబట్టి.

మళ్ళీ జముకు దగ్గరికి వద్దాం. ఒక వైపు తోలు మూసి, ఆ తోలు నడిమి నుంచి తీగ లాగి మీటే వాయిద్యం అది. ఉత్తరాంధ్రలో అమ్మవార్ల పండగలకి రాత్రుళ్ళు కథ చెప్పేవాళ్ళది. ముట్టుకోని కులాల చేతుల్లో, బిచ్చపు బియ్యం మీద బతికిన కళ. ఇది సాహిత్య చరిత్రల్లోకి ఎక్కింది మాత్రం సుబ్బారావు పాణిగ్రాహి పేరుతో. బొడ్డపాడు గుడిలో పూజారిగా ఉండి, కమ్యూనిస్టై, గిరిజన పోరాటాన్ని జముకుల కథ కట్టి ఊరూరా చెప్పి, 1969 డిసెంబరులో తుపాకీ గుండ్లకి ప్రాణమిచ్చిన మనిషి. ఆయన త్యాగాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు మాకు లేదు. కాని ఒక మాట అడగాలి. ఆయనకి జముకు మీటడం, వంతపాట ఎత్తుకోవడం, కథ మలుపు తిప్పడం చూపించినవాళ్ళు ఎవరో ఉంటారు కదా? వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలో ఉన్నాయి? ఒక కళారూపానికే పేరున్న భాగం, పేరు లేని భాగం ఏర్పడ్డాయి. పూజారి చెప్పిన కథ పేరున్నదైంది. అమ్మవారి గుడి ముందు తరాలుగా చెప్పినవాళ్ళ కథలు 'మూఢనమ్మకాల కింద' పోయాయి. విప్లవ సాహిత్య విమర్శ ఈ విషయంలో పాత పండిత విమర్శ కంటే పెద్దగా మెరుగేం కాదని మా అభిప్రాయం.

గిడుగు రామమూర్తి సంగతి కూడా ఇలాంటిదే. ఆగస్టు 29 వచ్చిందంటే వాడుకభాష గురించి ఉపన్యాసాలు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ ఆయన సవర భాష నేర్చుకున్నాడు, 1931లో సవర భాషకి మాన్యువల్, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చు వేయించాడు. ఆయన్ని తలుచుకునే సభల్లో ఒక్క సవర మాట వినిపించదు. సీతంపేటలోనే వినిపించదు, ఇంకెక్కడ వినిపిస్తుంది? గిడుగుకి కూడా ఒక 'అడిగిన పాట', ఒక 'అడగని పాట' ఉన్నాయనుకోవాలి.

ఇక్కడిదాకా చదివినవాళ్ళు మేం అడగని పాట వైపే ఉన్నామని అనుకుంటారు. అంత తేలిక కాదు.

మొదటిది కడుపు సంగతి. ఆ జముకుల పెద్దాయనకి ఆ శాలువా, దాంతోపాటు చేతిలో పెట్టిన కవరు ముఖ్యం. పేరున్న పాట పాడితే మళ్ళీ పిలుస్తారు. పాడనంటే 'ముసలాయన బెట్టు చేశాడు' అని ఇంకొకర్ని పిలుస్తారు. వయసు మళ్ళిన కళాకారుడికి ఆ పాట రేషన్ కార్డులాంటిది. నెల జీతం తీసుకుని పరిశోధన చేసే మేం ఆయన్ని 'మీ లోతైన కథ చెప్పండి, జనం అడిగింది పాడకండి' అనడం బాగోదు. లోతైన కథ కావాలనుకునేవాడు ఒక రాత్రికి సరిపడా డబ్బు, బియ్యం, వంతపాట ఇద్దరి ఖర్చు, వినడానికి తెల్లవార్లూ కూర్చునే ఓపిక తెచ్చుకోవాలి. ఐదు నిమిషాలిచ్చి లోతు అడగడం మోసం.

రెండోది మా జబ్బు. పరిశోధకుల చెవికి అరుదైన పాటంటే మోజు. ఎవరూ రికార్డు చెయ్యనిది, ఎవరూ అచ్చు వెయ్యనిది మాకే దొరకాలి. జనం పేరున్న పాట అడిగినట్టే మేం పేరులేని పాట అడుగుతాం. అడగడం మాత్రం రెండూ ఒకటే. ఆయన ముందు టేపు పెట్టి, పాడమంటాం.

సవరల్లో చాలా పాటలకి వేళ ఉంటుంది. కొత్తమామిడికి ఒకటి, కందికొత్తలకి ఒకటి, చావుకి ఒకటి. ఒడిశా వైపు సవరల్లో చనిపోయినవాళ్ళతో మాట్లాడే ఆచారం గురించి వెరియర్ ఎల్విన్ 1955లో రాశాడు. 1975 నుంచి అక్కడ తిరిగిన పియర్స్ వితెబ్‌స్కీ 1993లో దాని మీద ఒక పుస్తకం రాసి, 2017లో ఆ ఆచారం పిల్లల తరానికి ఎలా దూరమైందో ఇంకో పుస్తకంలో రాశాడు. అవి చదివి తలనిండా పెట్టుకుని మేం సీతంపేట పై గూడెంలో ఒక పెద్దాయన దగ్గరికి పోయాం. మంచం వేసి కూర్చోబెట్టారు. తాగడానికి జీలుగుకల్లు ఇచ్చారు. తుడుం గురించి, పాత పండగల గురించి గంటసేపు చెప్పాడు. చివరికి మేం అసలు సంగతి తీశాం: చావు దగ్గర పాడే పాట ఒకటి పాడతారా, రాసుకుంటాం.

ఆయన మా వైపు చూసిన చూపు చెప్పడం కష్టం. కోపం కాదు. తెలీనివాళ్ళని చూసి జాలిపడ్డట్టు.

"ఏటి బాబూ, ఎవులు సచ్చినారని పాడమంతావు?"

టేపు ఆపేశాం. అప్పుడర్థమైంది, ఆ సభలో ఐదు నిమిషాలిచ్చినవాళ్ళకీ మాకూ పెద్ద తేడా లేదని. వాళ్ళు జనం కోసం అడిగారు, మేం జర్నల్ కోసం అడిగాం. సభకి ఊరేగింపు డ్యాన్సు కావాలి, అరకు ధింసా కావాలి. మాకు చావు పాట కావాలి. పాట ఎవరిదో, దాన్ని ఎప్పుడు పాడాలో ఆ మనిషే చెప్తాడన్న ఊహ ఇద్దరికీ రాలేదు.

అందుకని హిట్టు పాటా మరుగున పడ్డ పాటా అన్న ప్రశ్నకి మాది ఒక వంకర జవాబు. దూరపు ఊళ్ళో పేరున్న పాట పాడండి, కాని పల్లవి రెండుసార్లు, చరణం ఒకటి కాదు, మొత్తం పాడండి. పేరున్న పాటల్లో ఎవరూ వినని చరణాలుంటాయి, చాలా సభలు అక్కడిదాకా పోవు. ఏ కొండ మీద పుట్టిన పాట ఆ కొండ కింద పాడేటప్పుడు మాత్రం ముందు అక్కడివాళ్ళని పాడనివ్వండి. వాళ్ళ భాషలో, వాళ్ళ వేళకి. పాడనంటే ఊరుకోండి. జముకుల కథకి పిలిస్తే రాత్రికి పిలవండి. ఆ కుర్రాడు 'ఏం పిల్లడో' అడిగితే అదీ పాడండి, వాడిది కూడా ఆ పాటే. వద్దనే పని మాది కాదు.

మంచం మీంచి లేచి బయల్దేరుతుంటే ఆ పెద్దాయన గుమ్మం దాకా వచ్చాడు. "కందికొత్తలకి రండి. అప్పుడు అందరం పాడతాం, మీరూ ఇనొచ్చు" అన్నాడు. తప్పకుండా వస్తామన్నాం. ఆ కందికొత్తలు దాటి రెండేళ్ళయింది. మేమింకా పోలేదు.